నాయన మొదలుపెట్టిన తెల్లచీర

మా అమ్మ పెళ్ళిచీర సాయంత్రం దాకా మాత్రమే ఆమె ఒంటి మీద ఉంది. కోడుమూరు దగ్గర ఒక పల్లెలో ఆమె పెళ్ళి. మా క్రైస్తవుల్లో పెళ్ళికూతురికి తెల్లచీర కట్టాలి. అది కొనే శక్తి ఇంట్లో లేకపోతే, సంఘంలో ఒకావిడ తన చీర ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. కానీ మరునాడు పక్క ఊళ్ళో ఇంకో పెళ్ళికూతురు అదే చీర కోసం కాచుకొని ఉంది. అందుకని భోజనాలు అవుతుండగానే ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది. అమ్మ లోపలికి పోయి, రోజూ కట్టుకునే నీలిచీర చుట్టుకొని, తెల్లచీర మడిచి ఆవిడ చేతిలో పెట్టింది.

అమ్మ ఈ సంగతి బాధగా చెప్పేది కాదు. "నా పెండ్లిచీర నాకన్నా ముందే ఇంకోరి అత్తగారింటికి పోయింది" అని నవ్వేది. విన్నవాళ్ళందరూ నవ్వేవారు. నవ్వకుండా వినేది మా నాయన ఒక్కడే.

నాయన నేతగాడు. ఎమ్మిగనూరులో మా వీధిలో ఇంటింటికీ మగ్గం ఉండేది. ఇంటి మధ్యలో నేలలో గుంత, గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషి, ఆ మనిషి చేతి కింద అటూ ఇటూ పరుగెత్తే నాడె. నేను పుట్టి పెరిగింది ఆ చప్పుడులోనే. ఎంత మంది ఆడపిల్లల పెళ్ళిచీరలు నాయన చేతుల మీదుగా పోయాయో దేవుడికే తెలుసు. నేను పుట్టినప్పుడు అమ్మతో ఒక మాట అన్నాడట: "దీని పెండ్లిచీర నేనే నేస్తా. సాయంత్రానికి ఎవురికీ తిరిగిచ్చే పని ఉండదు." ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అమ్మ మాత్రం మరిచిపోలేదు.

నేను బడికి పోలేదు. నా తర్వాత ముగ్గురు తమ్ముళ్ళు, ఇంట్లో నాడెకు నూలు కండెలు చుట్టే పని. నాలుగక్షరాలు అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. మగ్గం గుంత అంచున ఉన్న బండ మీద సుద్దతో రాసి చూపించేది. నాయన నేస్తూ నేస్తూ తల తిప్పి "ఆ 'ళ' తలకిందులైంది సూడు" అనేవాడు. రాట్నం తిప్పుతూ వాక్యం చదవడం నాకు అట్లా అలవాటయింది. ఈరోజు నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ బండ పుణ్యమే. స్తోత్రం.

మా సంఘం చిన్నది. పెంకుల కప్పు, సున్నం కొట్టిన మట్టిగోడలు, నేల మీద ఈతచాపలు. సగం మంది మా వీధి నేతగాళ్ళు. మిగతా సగం ఊరి చివరి పేట నుంచి వచ్చే పొలం కూలీలు. మా పాస్టరు అయ్యగారు ఆదోనిలో ఉండేవారు. ఆదివారం పొద్దున అక్కడ ఆరాధన ముగించుకొని, మధ్యాహ్నం బస్సుకు మా దగ్గరికి వచ్చేవారు. ఆ బస్సు ఆలస్యమైతే మా ప్రార్థన ఆలస్యం. అందుకు ఎవరూ గొణిగేవారు కాదు. గొడవంతా పాట దగ్గరే వచ్చింది.

పేటవాళ్ళు పాటను సాగదీసి పాడేవారు. ఆరు దినాలూ చేలో వంగి పనిచేసే మనుషులు; ఏడో దినం పాట దగ్గరైనా తొందర ఎందుకని వాళ్ళ పద్ధతి. వాళ్ళలో పెద్దమ్మ ఒకామె ఉండేది. మాకు బంధువు కాదు, ఊరందరికీ ఆమె పెద్దమ్మే. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఆమెకు ఉన్న ఆస్తి ఆ గొంతే. పాట ఎత్తితే ప్రతి చరణం చివర రాగాన్ని సాగదీసి ఒక తీగ తీసేది, మందిరం బయట పోయేవాళ్ళు కూడా ఆగేవారు.

నేతగాళ్ళది మగ్గం నడక. వాళ్ళ పాట నాడెతో పాటు పరుగెత్తేది. వాళ్ళకు ముందు నిలబడి డోలు వాయించేది మా ఎదురింటి అన్న. అప్పటికి పెళ్ళై రెండు మూడేళ్ళయిన మనిషి, నోరు కొంచెం పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "పెద్దమ్మ ఒక్క చరణం పాడేలోగా నేను కౌతాళం పోయి వడ్లు తూకమేసుకొని రావచ్చు" అని ఆమె వినేటట్టే అనేవాడు. "పోయి రాప్పా, నువ్వు లేకపోతే పాట బాగుంటాది" అని ఆమె అనేది. చాలా కాలం అది నవ్వులాటగానే నడిచింది.

ఒక ఆదివారం మాత్రం నవ్వులాట కాలేదు. ఒకే పాట రెండు వైపులా రెండు నడకల్లో నడిచింది. ఎవరూ తగ్గలేదు. నేతగాళ్ళు ముగించి కూర్చునేసరికి పేటవాళ్ళు ఇంకా ఒక చరణం వెనక ఉన్నారు. ఎదురింటి అన్న డోలు కింద పెట్టి ఆవులించాడు. పెద్దమ్మ పాట ఆపేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. అయ్యగారు మధ్యలో నిలబడి ఇటు చూడాలో అటు చూడాలో తెలియక కళ్ళు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ తర్వాత చాపలు రెండుగా చీలాయి. ఎడమ పక్క పేట, కుడి పక్క వీధి, నడుమ ఒక చాప ఖాళీ. వారం నడుమ జరిగే ఇంటి ప్రార్థన కూడా రెండయింది. బజారులో ఎదురుపడితే వందనాలు చెప్పుకోవడం మానేశారు. నాయన మాత్రం పోయి ఆ ఖాళీ చాప మీద కూర్చునేవాడు. అటువాళ్ళు ఇటువాడనుకున్నారు, ఇటువాళ్ళు అటువాడనుకున్నారు.

ఇట్లా ఉండగానే నాకు సంబంధం కుదిరింది. డెబ్బైల చివర్లో సంగతి ఇది. వరుడు ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు, అక్కడి సంఘస్థుడు. సంబంధం తెచ్చింది అయ్యగారే. పెళ్ళి మా మందిరంలోనే అనుకున్నారు. మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు మందిరంలో ఆ పెళ్ళి ప్రకటన చదువుతారు. ప్రకటన మొదలైతే తేదీ మారదు.

నాయన ఆదోని పోయి సన్నని తెల్లనూలు తెచ్చాడు. ఒక్క చీరకు సరిపోయే పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించాడు. చీర నేత చెంగుతో మొదలవుతుంది. ఆ చెంగు నేసిన రోజులు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. స్నానం చేసి, తల దువ్వుకొని, ప్రార్థన చేసుకొని గుంతలో దిగేవాడు. నేనే కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. "నీ చీరకు నువ్వే నూలు చుడతాండావు, సిగ్గు లేదా పాపా?" అని ఆటపట్టించేవాడు. చెంగు అయింది. దాని కింద జానెడు బట్ట కూడా అయింది. అంచుకు పెట్టే సన్నని వెండిజరీ చాలదని మళ్ళీ ఆదోని పోయాడు.

తిరిగొచ్చే బస్సులో పెద్దమ్మ కూడా ఉంది. చెల్లెలి ఊరి నుంచి వేరుశనక్కాయల బస్తా తెచ్చుకుంటోంది. బస్తా బస్సు పైన ఉంది. ఎమ్మిగనూరు బస్టాండులో కండక్టరు తొందరపెడుతున్నాడు, హమాలీ దొరకలేదు. నాయన ఎవరూ అడగకుండానే నిచ్చెన ఎక్కి బస్తా దించాడు. బస్తా క్షేమంగా దిగింది. దించిన మనిషికి మాత్రం చివరి మెట్టు మీద కాలు జారింది.

కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. పక్క వీధిలో ఎముకలు కట్టే సాయిబు తాత ఉండేవాడు. కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డపీలికలతో కట్టు కట్టి, నాయన మొహంలోకి చూసి చెప్పాడు: "రెండు నెలలు ఈ చెయ్యి నాది, నీది కాదు. నాడె తాడు ముట్టినావని తెలిసిందంటే, మళ్ళా నా గడప తొక్కొద్దు."

అప్పటికి మొదటి ప్రకటన చదివేశారు.

"పోనీలే. ఆదోని అంగళ్ళలో తెల్లచీరలకు కరువా? ఒకటి కొనుక్కొద్దాం" అంది అమ్మ. తేలిగ్గా చెప్పాలని ప్రయత్నం చేసింది. నాయన మగ్గం వైపు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ నన్ను వాకిట్లోకి పిలిచి, "మీ నాయన పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు" అని మాత్రం చెప్పింది. ఆయన కడుపు నిండా ఆ చీరే ఉందని మా ఇద్దరికీ తెలుసు.

మరునాడు కోడి కూసే వేళకు ఎవరో మా తలుపు తట్టారు. చూస్తే ఎదురింటి అన్న, వెనకే మా మేనత్త భర్త, అంటే మామ, ఆయన వెనక మా వీధి చివరి ఇంటి తాత. ముగ్గురూ నేతగాళ్ళే.

"మా మగ్గాల పని ఎండెక్కినాక చేసుకుంటాం. అంతదాకా ఈ చీర మాది" అన్నాడు మామ.

నాయన లేచి కూర్చున్నాడు. "అది నేను నేస్తానన్న చీరప్పా" అన్నాడు మెల్లగా.

"నువ్వే నేస్తాండావులే. చేతులు మాత్రం మావి" అంటూ ఎదురింటి అన్న అప్పటికే గుంతలో దిగాడు.

అట్లా వంతులేసుకున్నారు. కోడి కూతకు ఒకరు, తెల్లవారాక ఇంకొకరు, సాయంత్రం తమ పని ముగిశాక వెలుగు ఉన్నంతసేపు మరొకరు. నేను కండెలు అందించేదాన్ని. నాయన పక్కనే ముక్కాలిపీట మీద కూర్చొని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని చూసేవాడు. మూడు నాలుగు రోజుల్లో బట్ట చాలా నడిచింది. ఇల్లంతా ఒకటే సంబరం. అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టేది, మిరపకాయ బజ్జీలు వేసేది. ఎదురింటి అన్న తిని తిని, "అన్న చెయ్యి ఇంకో నెల బాగు కాకుంటే మేలు" అనేవాడు.

పెద్దమ్మ కూడా రోజూ వచ్చేది. ఒకరోజు జొన్నరొట్టె, ఒకరోజు వేయించిన వేరుశనక్కాయలు. కానీ గడప దాటేది కాదు. లోపల గుంతలో ఉన్నది వీధివాళ్ళు కదా. వాకిట్లోనే కూర్చొని, "చెయ్యి ఎట్లుండాది నాయనా?" అని అడిగేది. "నా బస్తా కోసం ఎక్కినావే, దాన్ని తగలెయ్య" అని తనను తానే తిట్టుకొని పోయేది.

ఒక పొద్దున నాయన, "ఏదీ, బట్టను వెలుగులో సూస్తాను" అన్నాడు. మామ దోనె కొయ్యకు చుట్టిన నేతను వదులు చేసి, తలుపు వైపు పరిచి పట్టుకున్నాడు. వెలుగు తెల్లబట్టలోంచి వచ్చింది. అందరం చూశాం.

నాయన నేసింది దాటితే చీరంతా అడ్డపట్టీలు. ఒక జానెడు దట్టంగా, ఒక జానెడు పలుచగా, ఆ తర్వాత మళ్ళీ ఇంకో రకంగా. ముగ్గురు మనుషులు ఎక్కడెక్కడ గుంతలో దిగారో, ఎక్కడెక్కడ లేచారో బట్ట మీద గీత గీసినట్టు తెలుస్తోంది.

"ఏందిది?" అన్నాడు మామ.

"మీరే" అన్నాడు నాయన. "ఈ దట్టమైంది నీ దెబ్బ, పోగును గట్టిగా కొడతావు. ఈ పలుచనిది తాతది, ఆయన వయసుకు చెయ్యి తేలిక. ఆ నడుమ ముద్దలు ముద్దలుగా ఉండేది ఎదురింటోనిది. పాటొస్తే వానికి చెయ్యి ఆగదు."

"నేను నా పెండ్లాం చీరకన్నా శ్రద్ధగా నేసినానే" అన్నాడు ఎదురింటి అన్న. మొహం వాడిపోయింది.

"అందరూ శ్రద్ధగానే నేసినారప్పా. ఎవురి మట్టుకు వాళ్ళు బాగా నేసినారు. అందుకే ఇట్లయింది."

తాత గొంతు సవరించుకున్నాడు. "కట్టుకుంటే కుచ్చిళ్ళల్లో కలిసిపోతాదిలే."

నాయన తల వంచుకున్నాడు. సరే అంటాడనుకున్నాను. అనేవాడే. తనకోసం పనులు మానుకొని వచ్చిన మనుషులను నొప్పించే మనిషి కాదు. అప్పుడు పొయ్యి దగ్గర నుంచి అమ్మ లేచి వచ్చింది. చీర కొనుక్కొద్దాం అన్న అమ్మే.

"విప్పుదాం. ఇంత మంది చేతులేసినాక పట్టీల చీర కట్టుకొని పోతాదా నా కూతురు? విప్పి మళ్ళా నేద్దాం" అంది.

నేసిన బట్టలో పేక విప్పడం, అంటే అడ్డంగా నడిచే పోగులను వెనక్కు తీయడం, నేయడం కన్నా కష్టం. పడుగు పోగు ఒక్కటి తెగినా బట్ట పాడవుతుంది. మగ్గానికి ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు కూర్చోవాలి. ఈమె పోగు వదులు చేస్తే ఆమె లాగాలి. ఈ పక్కన ఎదురింటి అన్న భార్య, మా ఎదురింటి వదిన కూర్చుంది. ఆ పక్కకు మనిషి కావాలి. నేను కూర్చోబోతే అమ్మ నన్ను ఆపి, వాకిలి వైపు తిరిగింది.

"పెద్దమ్మా, లోపలికి రా. ఆ పక్క పట్టుకో."

పెద్దమ్మ గడప మీద ఆగింది. "నాది మట్టి చెయ్యి తల్లీ. సన్నపోగులు తెంపుతానేమో."

"కలుపు తీసే చెయ్యి కదా. పైరును వదిలి కలుపే పీకుతావు. ఇది కూడా అంతే" అంది అమ్మ.

పెద్దమ్మ కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి కూర్చుంది. ఎదురుగా ఎదురింటి వదిన. నెలల తరబడి వందనం చెప్పుకోని ఇద్దరూ ఒకే పోగు రెండు కొసల దగ్గర. కాసేపు "వదులు", "లాగు" తప్ప మాట లేదు. వదిన ఒకసారి గట్టిగా లాగింది. "మెల్లగా లాగు పిల్లా, అది నీ మొగుని చెవి కాదు" అంది పెద్దమ్మ. వదిన నవ్వు ఆపుకోలేక పోగు వదిలేసింది. ఆ తర్వాత ఇద్దరి నోళ్ళూ ఆగలేదు.

పని చేస్తూ చేస్తూ పెద్దమ్మ అలవాటుగా పాట అందుకుంది. సన్నగా, తనకోసమే. నాయన పీట మీద వింటున్నాడు. వింటూ వింటూ, బాగున్న ఎడమచేత్తో మగ్గం గుంజ మీద తట్టడం మొదలుపెట్టాడు. ఆమె తీగ తీసిన చోట కూడా ఆ చెయ్యి ఆగలేదు. ఆమె ఒక క్షణం తడబడి, తీగను కొంచెం చిన్నది చేసుకొని మళ్ళీ ఆ దెబ్బకు వచ్చి కలిసింది.

"పెద్దమ్మా, రేప్పొద్దున నువ్వు రావాల. వీళ్ళు నేస్తాంటే నువ్వు పాడాల" అన్నాడు నాయన.

ఎదురింటి అన్న గుంత అంచున కూర్చొని ఉన్నాడు. "ఆయమ్మ పాటకు నేస్తే ఈ పాప పెండ్లికి కాదన్నా, పాప కూతురు పెండ్లికి అందుతాది చీర" అన్నాడు.

"నీ పాటకు నేస్తే చీర కాదప్పా, చేపల వల వస్తాది" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే.

"ఇద్దురి పాటకూ కాదు. ఈ గుంజ చెప్పినట్టు నేయాల, ఈ గుంజ చెప్పినట్టు పాడాల" అన్నాడు నాయన.

మరునాటి నుంచి మా ఇంట్లో జరిగింది చెబితే నమ్మరు. పొద్దు పొడవక ముందే పెద్దమ్మ వచ్చేది. ఆమెతో పేట నుంచి ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, పొలానికి పోయే దారిలో. గుంతలో ఎదురింటి అన్న. పక్కన నాయన ఎడమచెయ్యి గుంజ మీద. ఆమె పాడుతుంది, ఆ దెబ్బకు ఇతను నేయాలి. మొదటిరోజు ఆమెకు ఊపిరి అందలేదు, ఇతనికి ఓపిక అందలేదు. "పో పెద్దమ్మా, పో, బండి ఎనకబడింది" అని ఇతను. "బర్రెను తోలినట్టు తోలొద్దురా నన్ను" అని ఆమె. నాయన గుంజ మీద తడుతూనే ఉండేవాడు. రెండో రోజుకు ఆమె చరణం కొసలు చిన్నవయ్యాయి. ఇతను నాడె విసిరాక ఒక రెప్పపాటు ఆగడం నేర్చుకున్నాడు. ఇతను లేచి మామ దిగితే అదే పాట, అదే నడక. మామ దెబ్బ మెత్తబడింది. తాతకు బలం వచ్చింది. పాటలో ఉన్న మనిషి తన చేతి అలవాటు మరిచిపోతాడేమో, నాకు అంతకంటే చెప్పడం తెలియదు.

నాయన మళ్ళీ బట్టను వెలుగులో చూశాడు. ఈసారి తలుపు తీసి వాకిలి దాకా పరిపించాడు. మామ, "నాదేది?" అని వెతికాడు. కనుక్కోలేకపోయాడు. "పెద్దమ్మా, నీ గొంతు కూడా పోగుల్లో పడిందేమో సూడు" అన్నాడు ఎదురింటి అన్న.

"పడితే పడనీ. నేసినందుకు నాకు రొట్టె పెడితే చాలు" అంది ఆమె.

మూడో ప్రకటన ఆదివారం వచ్చింది. చాపలు మామూలుగానే రెండు వైపులా పరిచి ఉన్నాయి, మనుషులు కూడా అలవాటుగా రెండు వైపులా కూర్చున్నారు. అయ్యగారు పాట చెప్పారు. చెప్పి, కళ్ళు మూసుకున్నారు. రెండు నడకల గొడవ వినడానికి సిద్ధపడినట్టున్నారు పాపం. ఎదురింటి అన్న డోలు మీద వేసిన దెబ్బ మా ఇంటి గుంజ దెబ్బ. పెద్దమ్మ అందుకున్నది మా ఇంటి నడక. రెండు వైపుల నుంచీ ఒకే పాట లేచింది. నేసినవాళ్ళకూ, పొలానికి పోతూ మా ఇంట్లో పాడినవాళ్ళకూ అది నోటికి వచ్చేసింది. మిగతావాళ్ళు వాళ్ళ వెంట నడిచారు. అయ్యగారు కళ్ళు తెరిచారు. చరణం అయ్యేసరికి ఆయన నవ్వుతున్నారు, అద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. నడుమ ఖాళీ చాప మీద నాయన ఒక్కడే, కట్టు చేత్తో, తల వంచుకొని. పెద్దమ్మ పాట మధ్యలోనే లేచి, పోయి ఆయన పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఎవరు ముందు లేచారో నాకు గుర్తు లేదు. నా ప్రకటన చదివే వేళకు ఆ చాప మీద చోటు లేదు.

చీర కొనకు వచ్చింది. ఇంకా జానెడు నేయాల్సి ఉండగా మామ గుంతలోంచి లేచి, "ఇది నీది" అన్నాడు నాయనతో.

"సాయిబు తాత సంపుతాడు" అన్నాడు నాయన.

"ఆ చెయ్యి ఆయనది. ఈ చెయ్యి నీదే కదా" అని ఎడమచెయ్యి పట్టుకొని దించారు. నాయన గుంతలో కాళ్ళు పెట్టాడు, ఎడమచేత్తో నాడె తాడు పట్టుకున్నాడు. కానీ పోగును దగ్గరికి కొట్టే పలకను లాగడానికి ఇంకో చెయ్యి కావాలి. నాయన చుట్టూ చూశాడు. ముగ్గురు నేతగాళ్ళు ఉన్నారు. ఆయన అమ్మను చూశాడు.

మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, పోగులు అతుకుతారు. పలక పట్టరు. అమ్మ, "నాకు రాదు" అంది. "నాకు కూడా ఈ చేత్తో రాదు, రా" అన్నాడు నాయన.

అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చొని పలక పట్టుకుంది. ఆయన నాడె విసిరితే ఆమె కొట్టింది. ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా, ఒకసారి వంకరగా. పెద్దమ్మ పాడుతోంది కానీ నవ్వు అడ్డం వచ్చి పాట ఆగి ఆగి వస్తోంది. ఆ జానెడు బట్ట పూర్తయ్యేసరికి గంజి పెట్టని గుడ్డలా ముడతలు పడి వచ్చింది. "ఇది కూడా విప్పుదామా అక్కా?" అని మామ అడిగాడు. "ముట్టుకుంటే చేతులు ఇరుగుతాయి" అంది అమ్మ. చీర ఆ కొస నడుము దగ్గర లోపలికి దోపుకునేది, ఎవరికీ కనిపించదు.

పెళ్ళినాడు నేను ఆ చీర కట్టుకొని నిలబడ్డాను. నాయన నేసిన చెంగు భుజం మీద. అమ్మా నాయనా కలిసి నేసిన జానెడు నడుముకు ఆనుకొని, కొంచెం గరుకుగా తగులుతూ. మధ్యలో ఉన్నదంతా సంఘానిది. భోజనాల దగ్గర ఓళిగలు వడ్డిస్తూ ఆడవాళ్ళు ఒకటే వాదులాట. కుచ్చిళ్ళు తమ ఇంటాయన నేసినవని ఎదురింటి వదిన, కాదు తమవని మా మేనత్త. పట్టుకొని, తిప్పి, వెలుగుకు పెట్టి చూశారు. ఏదీ తేలలేదు. సాయిబు తాత కూడా భోజనానికి వచ్చాడు. నాయన కట్టు ఒత్తి చూసి, "తాడు ముట్టలేదు కదా?" అని అడిగాడు. "నీ చేత్తో ముట్టలేదు తాతా" అన్నాడు నాయన.

పొద్దు వంగుతుంటే అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. చెంగు అంచు వేళ్ళతో నిమురుతూ, వాకిలి వైపు చూసింది. అక్కడ పిల్లలు తప్ప ఎవరూ నిలబడి లేరు. ఆ రోజు ఆ చీరతోనే బస్సెక్కి ఆదోని పోయాను.

ఆదోనిలో మా ఇల్లు పత్తి మిల్లుకు దగ్గర. ఎనభైలలో మా సంఘంలో ఒక అమ్మాయి పెళ్ళి కుదిరింది. వాళ్ళమ్మ మిల్లులో పత్తి ఏరే పని చేసేది. పెళ్ళిచీర లేదని నేను అడిగేదాకా ఆవిడ నోరు తెరవలేదు. నా చీర తీసి ఇచ్చాను. కట్టేటప్పుడు దగ్గరుండి, గరుకుగా ఉన్న కొస లోపలికి దోపాను. "ఇదేందక్కా ఇట్లుండాది?" అని ఆ పిల్ల అడిగితే, "ఇది మా అమ్మ నేసింది, ఇట్లనే ఉండాల" అన్నాను.

భోజనాలు అవుతుండగానే వాళ్ళమ్మ లోపలికి పోయి, చీర మడిచి తెచ్చి నా ముందు నిలబడింది. అమ్మాయి వెనకాల మామూలు చీరలో ఉంది.

నేను తీసుకోలేదు. "పోయి కట్టుకోమ్మా" అన్నాను. "ఈ చీర సాయంత్రానికి తిరిగి రాదు. ఆదివారం మందిరానికి కట్టుకొని రా. అందరూ సూసినాక, నీకు ఎప్పుడు బుద్ధయితే అప్పుడు ఇయ్యి."

ఆదివారం ఆ పిల్ల తెల్లచీరతో వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. పాట మొదలయ్యే ముందు నడుము దగ్గర చెయ్యి పెట్టుకొని, "గరుకుగా తగులుతాంది అక్కా" అని చెవిలో చెప్పింది. నవ్వుకుంటూ ఇద్దరం పాటకు లేచాం.